కుక్కను తెచ్చుకొనే ముందు

(మన సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సంచికకు వ్యాసమంటే పండితులు ఋతువుల మీద వ్రాస్తారు, కవులు కోయిల మీద వ్రాస్తారు. నేను కుక్క మీద మాట్లాడతానన్నప్పుడు కార్యదర్శిగారు ఒక్క క్షణం నా ముఖం వంక చూసి, “సరే, కానివ్వండి” అన్నారు. నేను మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. పశువైద్యుణ్ణి కాను. కాని పార్సిలు ఆఫీసు బల్ల వెనుక కూర్చున్నవాడికి ఊరిలోకి ఏ కుక్క వచ్చిందో తెలుస్తుంది. ఏ కుక్క ఊరు విడిచి వెళ్ళకుండా మిగిలిపోయిందో కూడా తెలుస్తుంది. ఆ రెండవదే నన్ను ఇక్కడ నిలబెట్టింది.

మూడేళ్ళ క్రిందట మా వరుసలో ఒక కుటుంబానికి బదిలీ అయింది. సామాను లారీ కెక్కింది, పిల్లలు రైలెక్కారు. వారి లాబ్రడార్ కుక్క మాత్రం గుమ్మం ముందు ఉండిపోయింది. “ఎవరో ఒకరు అన్నం పెడతారు లెండి” అని వెళ్ళారు. అన్నం పెట్టినవాళ్ళు లేకపోలేదు. ఐతే అది తినేది కాదు. క్రొత్తగా వచ్చినవారు తలుపు తీసినప్పుడల్లా లోపలికి వెళ్ళబోయేది, వాళ్ళు తరిమేవారు. సాయంకాలం విజయనగరం వైపు నుండి బండి వచ్చే వేళకు స్టేషనుకు పోయి, దిగేవారి కాళ్ళు వాసన చూసేది. వానకాలం వచ్చేసరికి ఒళ్ళంతా పిడుదులు పట్టి, జ్వరం వచ్చి, గూడ్సు షెడ్డు వెనుక చనిపోయింది. ఆ కుటుంబం చెడ్డవారు కారు. మాకు పండుగకు అరిసెలు పంపినవారే. కుక్కను తెచ్చుకొన్ననాడు బదిలీ సంగతి తలచుకోలేదు, అంతే.

పరుల తప్పు చెప్పాను గనుక నా తప్పు కూడా చెప్పాలి. మా అమ్మాయికి ఏడవ పుట్టినరోజు. కుక్కపిల్ల కావాలని ఆరు నెలలుగా పోరు. నేను ఒక పట్నంలో, పేరు చెప్పను, బజారులో గంపలో పెట్టుకొని అమ్ముతున్న వాని దగ్గర అల్సేషియన్ పిల్లను కొన్నాను. “రెండు నెలలు నిండాయి, టీకాలన్నీ అయ్యాయి” అన్నాడు. కాగితం అడగలేదు. తల్లిని చూపమనలేదు. ధర తగ్గించాడని సంతోషించి, సంచిలో కప్పుకొని తెచ్చాను. అలా తేవడం మా శాఖ నిబంధనలకే విరుద్ధము. అది నాకు తెలియకపోలేదు! నాలుగవ రోజున వాంతులు మొదలైనాయి. తరువాత నెత్తురు విరోచనాలు. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు దాని నోరు తెరచి పళ్ళు చూసి, “ఇది రెండు నెలలది కాదండీ, అయిదు వారాలుంటే గొప్ప. తల్లిపాలు మానకుండానే తెచ్చారు. దీనికి పార్వో” అన్నారు. సెలైను ఎక్కించారు. ఎనిమిదవ రోజు తెల్లవారుజామున పోయింది. మా అమ్మాయి నన్ను ఒకే ప్రశ్న అడిగింది: “నాన్నా, మనం అడిగివుంటే వాడు నిజం చెప్పేవాడా?” నేటికీ నా దగ్గర సమాధానం లేదు. అడగలేదన్న మాట ఒక్కటే ఉన్నది.

అందుచేత ఇవాళ నేను చెప్పేది అడగవలసిన ప్రశ్నలు. వీటిలో మొదటి అయిదు ప్రశ్నలు కుక్కను అమ్మేవాణ్ణి అడిగేవి కావు. మనల్ని మనం అడుగుకోవలసినవి.

మొదటి ప్రశ్న: మనం ఎన్నాళ్ళు పెంచగలము? కుక్క పదేళ్ళు, పన్నెండేళ్ళు బ్రతుకుతుంది. చిన్న జాతులు పదిహేనేళ్ళు కూడా. ఇవాళ ఒకటో తరగతిలో ఉన్న పిల్ల కాలేజీకి వెళ్ళేదాకా కుక్క మన ఇంట్లోనే ఉంటుంది. ఆ లోపల మనకు ఎన్ని బదిలీలో లెక్క వేసుకోండి.

రెండవ ప్రశ్న: ఇంట్లో పగలు ఎవరుంటారు? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి పోయి, పిల్లలు బడికి పోతే, కుక్క పది గంటలు గొలుసుతో కిటికీకి కట్టివేయబడి ఉంటుంది. అది మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది, చివరికి మనుషులను కరవడం నేర్చుకొంటుంది. అప్పుడు “పాడు కుక్క” అంటాము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారము కుక్కను ఎల్లకాలమూ కట్టివేసి, కాస్త తిప్పకుండా ఉంచడం నేరమే. ఆకలికీ దప్పికకూ వదిలివేసి వెళ్ళిపోవడమూ నేరమే. మొదటి తప్పుకు ఆ చట్టంలో పెట్టిన జుల్మానా పది రూపాయల నుండి యాభై రూపాయలు. గనుక చట్టానికి భయపడమని నేను చెప్పను. కుక్క ముఖం చూసి భయపడండి.

మూడవ ప్రశ్న: జాగా ఎంత? రెండు గదుల క్వార్టర్సు, ముందొక చిన్న వరండా, మన బ్రతుకులిలాంటివి. అందులో ముప్పది కిలోల కుక్క తిరిగితే తోక తగిలి కాఫీ గ్లాసులు నిలవవు. జాగా లేకపోతే పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నడిపించే ఓపికైనా ఉండాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చి నడిపిస్తారా? నిజం చెప్పుకోండి.

నాలుగవది డబ్బు. కొనే ధర ఒక్కనాటి మాట. నెలనెలా పెట్టేదే అసలు ధర. మా ఇంట్లో ఇప్పుడున్న నాటు కుక్కకు అన్నం, చోడి అంబలి, పెరుగు, రోజుకొక గ్రుడ్డు, ఆదివారం కాస్త మాంసం, నట్టల మందు, టీకాలు అన్నీ కలిపి నెలకు పదిహేను వందలు దాటదు. మా పై అధికారి ఒకరి లాబ్రడార్‌కు అయిదు వేలు చాలడం లేదని వారే అన్నారు. జబ్బు చేస్తే అది వేరు ఖాతా.

అయిదవది, ఇంట్లో అందరికీ ఇష్టమేనా? మడి కట్టుకొనే అత్తగారు, నెలల బిడ్డ, ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో వారి మాట ముందు వినాలి. తండ్రి తెస్తాడు, పిల్లలు ఆడుకొంటారు, పని మాత్రం ఇల్లాలి నెత్తిన పడుతుంది. కుక్కను తెచ్చే ముందు ఆమె అనుమతి తీసికొనని మగవారు సభలో చేతులెత్తండి అంటే నా చెయ్యి ముందు లేస్తుంది.

ఈ అయిదూ దాటినవారికి జాతుల మాట చెబుతాను.

పొమరేనియన్ అని మన ఊళ్ళలో పిలిచేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. చిన్నది, తెల్లనిది, తెలివైనది, చిన్న ఇంట్లో ఇముడుతుంది. కాని మొరుగుతుంది. గోడ ఆనుకొని వేరొక కుటుంబమున్న చోట ఆ సంగతి ముందే తలచుకోవాలి. వెంట్రుకలు రోజూ దువ్వాలి. దువ్వకపోతే వానకాలంలో చర్మం పాడవుతుంది.

లాబ్రడార్ పిల్లలతో మంచిది, మనిషిని నమ్ముతుంది. కాని అది చేపల పడవల దగ్గర, వేటలో నీటిలో దుమికి పని చేయడానికి పుట్టిన జాతి. పని లేకపోతే తింటుంది, లావెక్కుతుంది, తుంటి కీళ్ళు పాడవుతాయి. దొంగ వచ్చినా తోక ఊపుతుందని కొందరి ఫిర్యాదు. కాపలాకు తెచ్చుకొన్నవారిది తప్పు గాని దానిది కాదు.

అల్సేషియన్, అనగా జర్మన్ షెపర్డ్, పోలీసువారికీ మిలిటరీవారికీ ప్రియమైనది. నేర్పితే బంగారము, నేర్పకపోతే తలనొప్పి. రోజూ పని చెప్పేవారుండాలి. కోరాపుట్ మూడు వేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తున ఉన్న ఊరు. అక్కడి చలి దానికి హాయి. మన రాయగడ ఎత్తు అందులో నాలుగవ వంతు మాత్రమే. ఇక్కడి వైశాఖ జ్యేష్ఠాలలో అది నాలుక వేలాడేసికొని రొప్పుతూ ఉంటుంది.

ఇక సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్. ఒకటి మంచు మీద బండి లాగేది, ఒకటి ఆల్ప్స్ పర్వతాల కనుమలలో పుట్టినది. వీటిని మే నెలలో మన ఎండలో ఉంచడమంటే మనకు రాత్రింబవళ్ళు రగ్గు కప్పి పొయ్యి దగ్గర కూర్చోబెట్టినట్లు. ఏసీ గది ఉన్న ధనవంతులు కూడా కరెంటు పోయినప్పుడు ఏమి చేస్తారో ఆలోచించాలి.

పగ్ అనే చప్పిడి ముక్కు కుక్క 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటన వచ్చిన తరువాత ఇంటింటికీ కావలసి వచ్చింది. ఆ ముక్కు చూడడానికి ముద్దు. దానికి మాత్రం ఊపిరి కష్టం. వేడిమి తట్టుకోలేదు. కుక్క ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లనే గదా. ముక్కు పొట్టిదైతే ఆ రొప్పూ సరిగా సాగదు.

రాట్‌వైలర్, పిట్‌బుల్ వంటి వాటిని బెదిరించడానికి తెచ్చుకొనే కుర్రవాళ్ళున్నారు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి ఇరవై మూడు జాతుల అమ్మకమూ పెంపకమూ ఆపమని రాష్ట్రాలకు ఉత్తరం వ్రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. న్యాయస్థానం మాట ఎలా ఉన్నా, మన వరుస ఇళ్ళ మధ్య, పిల్లలు బంతాట ఆడుకొనే చోట అనుభవం లేనివాడికి ఆ కుక్క తగదు.

ఇంతవరకు పరదేశపు మాట. మన దేశపు కుక్కల సంగతి మనవారికే తెలియదు. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్ళలు వేసింది. వాటిలో రాజపాళయం, ముధోల్ ఉన్నాయి. తమిళదేశంలోని రాజపాళయం ఊరిని తమదిగా చేసుకొన్న రాజులు ఒకప్పుడు ఆంధ్రదేశం నుండి వలస వెళ్ళిన తెలుగువారే. మనవలెనే పరభాష నడుమ బ్రతుకుతూ ఇంట్లో తెలుగు నిలుపుకొన్నవారు. వారి ఊరి పేరే ఆ తెల్లని కుక్కకు వచ్చింది. గొప్ప కాపలా కుక్క. ఐతే పరిగెత్తడానికి పొలం కావాలి, పిల్లలలో కొన్నిటికి పుట్టు చెవుడు ఉంటుంది గనుక చప్పుడు చేసి చూసి తీసికోవాలి. కర్ణాటకపు ముధోల్ వేట కుక్క. 2016లో సైన్యం మీరట్‌లో దానికి శిక్షణ మొదలుపెట్టింది. అది పరుగు కోసం పుట్టినది, వరండా కోసం కాదు.

మన ఆంధ్రదేశంలోనే రెండున్నాయి. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన గ్రామపు కుక్కలు కాపలాకు పేరుపడ్డవి. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అనే కుక్క ఉన్నది. పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు. సాధారణపు కుక్కవలె మొరగదు, ఒక రకంగా కూస్తుంది. మట్టిలో గొయ్యి త్రవ్వుకొని పడుకొంటుంది. బాతుల మందలను కాయడం దాని వృత్తి. కొల్లేటిలో బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దాని పని పోయింది. పని పోయిన జీతగాణ్ణి ఎవరు పెడతారు? ఇప్పుడు అరుదైపోయింది. కృష్ణా, గోదావరి జిల్లాలవారు మనలో చాలామంది ఉన్నారు. సెలవుకు వెళ్ళినప్పుడు పెద్దలను అడిగి చూడండి. ఐతే అరుదైనదని తెచ్చి వరండాలో కట్టవద్దు. ఒక్క యజమానినే నమ్ముకొనే కుక్క అది. చేతులు మారితే ఓర్చుకోదు.

ఇక చివరిది, నాకు నచ్చినది, మన వీధిలో పుట్టిన నాటు కుక్క. నియమగిరి వైపు పల్లెలలో గడపకు అడ్డంగా పడుకొని ఉండేది ఇదే. ఇక్కడి ఎండకు ఎండి, వానకు తడిసి, బ్రతికి బట్టకట్టిన వంశం. పొట్టి వెంట్రుకలు, మనం తినే గంజి అన్నమే దాని తిండి. దానికి కాస్త గ్రుడ్డో మాంసమో చేరిస్తే చాలు. మా అమ్మాయి మళ్ళీ కుక్క మాట ఎత్తడానికి ఏడాది పట్టింది. అప్పుడు స్టేషను వెనుక ఈనిన ఒక కుక్క దగ్గరకు మేమిద్దరం రోజూ వెళ్ళాము. తల్లికి అన్నం పెట్టాము. రెండు నెలలు నిండేదాకా కాచుకొని, పిల్లలలో మరీ దూకుడుదీ కాక, మరీ బెదిరి మూల నక్కేదీ కాక, పిలిస్తే వచ్చి చెయ్యి వాసన చూసేదాన్ని తెచ్చుకొన్నాము. చేతికి కాణీ ఖర్చు కాలేదు. ఖర్చయినది ఓపిక ఒక్కటే.

కొనేవారు కూడా ఇదే పద్ధతి పాటించాలి. తల్లిని చూడనిదే పిల్లను తీసికోవద్దు. తల్లి గుణమే పిల్లకు కొంత వస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలలో ఉన్నది. పెంచి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. రసీదు, టీకాల పుస్తకం చేతిలో పడనిదే డబ్బు ఇవ్వవద్దు. కళ్ళు తేటగా ఉన్నవా, ముక్కు కారుతున్నదా, తోక క్రింద తడి ఉన్నదా చూడండి.

తెచ్చాక మర్నాడే పశువైద్యునికి చూపాలి. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున నాలుగు నెలలు వచ్చేదాకా సాగుతాయి. మూడు నెలలకు రేబిస్ టీకా. తరువాత డాక్టరు చెప్పినట్లు ఏటేటా. ఆ టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధికుక్కలు తిరిగే చోట దింపవద్దు. ఇక్కడి ఆసుపత్రిలో కుదరని పెద్ద జబ్బైతే విజయనగరం దాటగానే గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్నది. మన రైళ్ళ దారిలోని ఊరే. ఆషాఢం నుండి కార్తీకం దాకా చెవులలో, వ్రేళ్ళ సందులలో రోజూ పిడుదులు వెదకాలి. పిడుదు జ్వరం మన కొండ ప్రాంతంలో తోటలలో తిరిగే కుక్కకు పెద్ద శత్రువు. ఉల్లిపాయ, చాకొలెట్టు, ద్రాక్షపండ్లు పెట్టవద్దు. అవి దానికి విషము. పిల్లల్ని కనిపించే ఉద్దేశం లేకపోతే సంతాన నిరోధక ఆపరేషన్ చేయించండి. కుక్క అరవై మూడు రోజులలో ఈనుతుంది. ఆరు పిల్లలకు ఆరు ఇళ్ళు మీరు వెదకగలరా?

ఇరుగుపొరుగువారి మాట మరవరాదు. కుక్క గీరినా కరచినా, అది మన కుక్కే అయినా, టీకాలు వేసినదే అయినా, గాయాన్ని సబ్బుతో పారే నీటి క్రింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పెట్టవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, చెప్పిన సూదులన్నీ పూర్తి చేయాలి. 1885లో పాశ్చర్ పండితుడు ఫ్రాన్సులో ఒక పిల్లవానికి మొదటి రేబిస్ టీకా వేశాడు. 1907లో మన దక్షిణాదిన కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. మన తాతల కాలంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులని హడలిపోయేవారు. ఇప్పుడు చేతికి వేస్తారు. ఇంత సులభమైన తరువాత కూడా నిర్లక్ష్యం చేసి ప్రాణం పోగొట్టుకొంటే అది విధి కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు దాదాపు పనిచేయదు.

ఇక బదిలీ. మా శాఖ పని గనుక కచ్చితంగా చెప్పగలను. కుక్కను రైలులో తీసికొని పోవచ్చును. ఏసీ మొదటి తరగతిలో కూపే గాని కేబిన్ గాని మొత్తం మీ కుటుంబానికే ఉంటే మీతోపాటే. లేకపోతే గార్డు బ్రేక్‌వ్యానులోని కుక్కల పెట్టెలో. మిగతా తరగతులలో అనుమతి లేదు. టీకాల కాగితం, పశువైద్యుని సర్టిఫికెట్టు పట్టుకొని బండి వేళకు బాగా ముందు పార్సిలు ఆఫీసుకు రావాలి. తిండి, నీరు చూసుకొనే బాధ్యత యజమానిదే. ఎండాకాలం పగటి బండి వద్దు, రాత్రి బండి చూసుకోండి. క్రొత్త ఊరిలో ఇల్లు దొరికేదాకా ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉంచాలంటే చెప్పండి. ఈ పని మన సంఘం చేపట్టవచ్చునని నా మనవి: బదిలీ అయినవారి కుక్కకు ఒక నెల ఆశ్రయం, అంతకు మించితే నమ్మకమైన ఇల్లు వెదకడం. సంఘం పుస్తకాలకు బీరువా ఉన్నది గదా; దీనికొక నోటు పుస్తకం చాలు.

ఎందుకు ఇప్పుడే అంటే, గూడ్సు షెడ్డు వెనుక వదిలిపోయిన కుక్క గతి మునుపటివలె కూడా లేదు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుండి వీధికుక్కలను పట్టి, ఆపరేషన్, టీకా చేసి ఆశ్రయాలకు తరలించమనీ, తిరిగి అక్కడే వదలవద్దనీ ఆదేశించింది. ప్రయాణికుల ప్రాణం దృష్ట్యా కోర్టు చెప్పిన మాట అది. రోజూ ప్లాట్‌ఫారం మీద తిరిగే నేను దానిని కాదనను. కాని ఆ కుక్కలలో వీధిలో పుట్టినవి కొన్నే. మన చేతి అన్నం తిని, మనం పెట్టిన పేరుకు తోక ఊపి, మన చేతే వదలబడినవి కొన్ని. రెండవ రకం లేకుండా చేయడం కోర్టు పని కాదు, మన పని.

మన శతకకారులు కుక్కను పెద్దగా మెచ్చుకోలేదు. తిట్టడానికే ఎక్కువ వాడుకొన్నారు. కాని భారతం చివర ధర్మరాజు కథ మీ అందరికీ తెలుసు. భార్య పడిపోయింది, తమ్ములు పడిపోయారు. వెంట మిగిలింది కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచి ఎక్కమన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచి స్వర్గం నాకక్కరలేదన్నాడు ఆయన. అంతటివాడి ముందుకు రథం వచ్చింది. మన ముందుకు వచ్చేది సామాను లారీ. పరీక్ష మాత్రం అదే.

మా ఇంటి కుక్క పేరు రాజు. నేను ఈ ప్రసంగం వ్రాసుకొంటున్నప్పుడు కాళ్ళ దగ్గర పడుకొని ఉన్నాడు. నాకూ ఏదో ఒకనాడు బదిలీ ఉత్తరువు వస్తుంది. వచ్చిననాడు బుక్ చేసే సామానులో మొదటి పద్దు వాడిదే అని మా అమ్మాయి ఒక కాగితం మీద వ్రాసి నా చేత సంతకం పెట్టించుకొన్నది. రైల్వే గుమాస్తా సంతకం, ఊరికే పోదు.

క్రొత్త సంవత్సరం మీ ఇళ్ళకూ, మీ ఇళ్ళ గుమ్మాలను కాచే మూగజీవాలకూ శుభం చేకూర్చుగాక.